మూలకి జరిగిన జెండా

“పన్నెండింటికి కోర్టు, వదినా. మీకు పది నిమిషాలిస్తున్నాను. పదకొండో నిమిషం అడక్కండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అప్పటికి పదీ అయిదయింది. జల్లెడమ్మ చేతి గడియారం విప్పి అతని బల్ల మీదే పెట్టి లోపలికి నడిచింది. తన పది నిమిషాల్లో ఒక్కటి తరిగిపోయినా ఊరుకోనని దాని అర్థం. మరిదికి ఆ అర్థం బాగానే తెలుసు.

జల్లెడమ్మ అన్న పేరు పోలీసు శాఖ పెట్టిందే. పాతికేళ్ల ఉద్యోగంలో ఏ కేసు వచ్చినా రాళ్లూ గింజలూ విడిపోయే దాకా ఆడించి ఆడించి చూసేదని జల్లెడ అన్నారు. రాజీనామా చేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టాక, పోనీ పెద్దది కదా అని చివర ‘అమ్మ’ తగిలించారు. ఇన్‌స్పెక్టర్ ఆమె భర్తకి స్వయానా తమ్ముడు. ఇంట్లో ఆమె ఏది వడ్డిస్తే అది మారుమాట్లాడకుండా తింటాడు గానీ, స్టేషన్‌లో ఆమె నీడ పడితే మాత్రం కస్సుమంటాడు.

కేసు పైకి చూస్తే నున్నగానే ఉంది. ఊరి చివర గోల్ఫ్ మైదానానికి నూట ఇరవై ఏళ్లు. అక్కడ ఒక్కసారి ఆడాలని ఎక్కడెక్కడి దేశాలవాళ్లో ఏడాది ముందే వంతు రాయించుకుని, సముద్రాలు దాటి వస్తారు. పద్దెనిమిది హోల్స్‌లో, అంటే ఆట అంచెల్లో, వాళ్లను అంత దూరం లాక్కొచ్చేది పదకొండోది. చుట్టూ గట్లు, మధ్యలో పల్లం, కాబట్టి దానికి ‘బావి’ అని పేరు. బావి అడుగున ఉన్న గ్రీన్, అంటే జెండా నిలబెట్టి బంతి పడే గుంట తవ్వి ఉంచే నున్నటి పచ్చిక, మైదానం కట్టిన నాటి నుంచి మట్టి కదలకుండా ఉందని ప్రతీతి. నిన్న ఉదయం ఆరూ యాభైకి గడ్డి యంత్రం నడిపేవాడికి ఆ పచ్చిక మీద మైదానం మేస్త్రి శవం కనిపించింది. గుంటలు కోసే ఇనుప గొట్టంతో ఎవరో తల వెనక కొట్టారు. శవం పక్కన క్యాడీ పెద్దాయన తువ్వాలు దొరికింది. ఆరున్నరకి అతను అటు వెళ్తుండగా ఇద్దరు చూశారు. అంతకు ముందురోజే మేస్త్రి అతని మీద అందరి ముందూ అరిచాడు కూడా. ఇంకేం కావాలి? మధ్యాహ్నానికల్లా పెద్దాయన లాకప్‌లో ఉన్నాడు.

పెద్దాయనకి డెబ్భై నాలుగేళ్లు. పన్నెండో ఏట ఆటగాళ్ల సంచులు మోయడం మొదలుపెట్టాడు. మోసి మోసి కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందకి దిగింది. అతని కూతురు బట్టలు కుట్టే మనిషి. నిన్న రాత్రి జల్లెడమ్మ ఇంటికొచ్చి, మా నాన్న చీమకైనా దారిచ్చి నడుస్తాడండీ అని చెప్పి, ఏడుపు ఆపుకోలేక గోడవైపు తిరిగి నిలబడింది. పన్నెండు దాటితే ఆ ముసలి మనిషి జైలుకి వెళ్తాడు. ఒకసారి వెళ్తే ఆ వయసులో బయటికి నడిచి వస్తాడన్న నమ్మకం కూతురికీ లేదు, జల్లెడమ్మకీ లేదు.

“తువ్వాలు మీదేనా, బాబాయ్‌గారూ?”

“నాదేనమ్మా. రక్తం ఆగుతుందేమోనని ఒత్తిపట్టాను. ఆగలేదు.”

“అప్పుడు టైమెంత?”

“ఆరూ ముప్ఫై అయిదు. పన్నెండో హోల్ దగ్గర నీళ్లు చిమ్మే పైపులు అప్పుడే ఆగాయి. అవి రోజూ ఆ వేళకే ఆగుతాయి.”

ఎందుకు పారిపోయారంటే భయమేసిందన్నాడు. ముందురోజే తిట్లు తిన్నవాణ్ణి, నేను కాదంటే ఎవరు నమ్ముతారన్నాడు. అసలు అటు ఎందుకు వెళ్లారంటే, మేస్త్రే ఆరున్నరకి రమ్మన్నాడని, ఏదో చూపిస్తానన్నాడని చెప్పాడు. ఏం చూపిస్తానన్నాడో మాత్రం ఎన్ని విధాల అడిగినా చెప్పలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. నాలుగు నిమిషాలు అలాగే పోయాయి.

జల్లెడమ్మ దారి మార్చింది. శవం సంగతి వదిలేసి, రోజూ కనిపించనిది నిన్న అక్కడ ఏం కనిపించిందని అడిగింది.

“జెండా,” అన్నాడతను వెంటనే. మైదానం మాట వస్తే మాత్రం అతని గొంతులోకి ప్రాణం వస్తోంది. “వెనక కుడి మూలన ఉంది. ఆ మూల గుంట పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.”

“ఏం, ఆ మూలన ఏముంది?”

“బావిలో మట్టి మొదటి రోజు నుంచీ అదేనమ్మా. అది ఎవరూ కదపలేదు.”

ఆమె మట్టి మాట ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. అయితే ఆ కళ్లలో ఉన్నది దొంగ భయం కాదు, ఇంకేదో భయం. ఆమె లేచి తలుపు దాకా వెళ్లేసరికి అతనే పిలిచి, ఆ గ్రీన్ తవ్విస్తావా అమ్మా అని అడిగాడు. మీరు బయటపడతారంటే నా చేతులతోనే తవ్వుతానని చెప్పిందామె. ఆ మాట అతనికి ధైర్యం ఇస్తుందనుకుంది.

మైదానానికి ఒక్కర్తినే వెళ్తానంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. సాక్ష్యాలు చెడగొడతారని వంక పెట్టి తనూ జీపెక్కాడు. అన్నయ్య ముఖం చూసి ఊరుకుంటున్నాననీ, లేకపోతే ఈపాటికి గేటు దగ్గరే ఆపేవాణ్ణనీ దారి పొడుగునా సణిగాడు.

“మీ అన్నయ్య ముఖం నేను ముప్ఫై ఏళ్ల నుంచి చూస్తున్నాను. అందులో చట్టమేమీ రాసిలేదు. బండి కాస్త తొందరగా పోనియ్యి,” అంది జల్లెడమ్మ.

పదీ నలభైకి మేస్త్రి షెడ్డులో ఉన్నారు. గోడకి కొట్టిన మేకుకి ఒక కాగితం గుచ్చి ఉంది. గుంటలు రోజూ ఒకచోటే ఉంటే ఆ చుట్టూ పచ్చిక అరిగిపోతుంది కాబట్టి ప్రతి ఉదయం చోటు మారుస్తారు. ఏ హోల్‌లో ఎక్కడ కోయాలో ముందురోజు సాయంత్రమే క్లబ్బు సెక్రటరీ రాసి ఇక్కడ తగిలిస్తాడు. పదకొండో హోల్‌కి ఎదురుగా సెక్రటరీ ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి: ముందు నుంచి ఆరడుగులు, ఎడమ నుంచి నాలుగు. మూలన బల్ల మీద మేస్త్రి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టినచోటే దొరికిందనీ, చివరి కాల్ మొన్న రాత్రి ఎనిమిదింటికనీ, ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదనీ ఇన్‌స్పెక్టర్ ఫైలులోనే రాసుకున్నాడు. పనిలోకి దిగితే ఫోన్ వెంట ఉంచుకోని మనిషట.

బావిలోకి దిగేముందు జల్లెడమ్మ పదో హోల్ దగ్గర ఆగి, నిన్న పూడ్చిన పాత గుంట ఎక్కడుందని వెతికింది. వెతగ్గా వెతగ్గా అరచేత్తో తడిమితే గానీ దొరకలేదు. మేస్త్రి పని అది. కొత్త గుంట కోసినప్పుడు గొట్టంలో వచ్చిన మట్టి దిమ్మని తీసుకెళ్లి పాత గుంటలో దించుతాడు. పచ్చిక మొన ఎటు వాలి ఉందో చూసి అటే తిప్పుతాడు. తర్వాత అక్కడ గుంట ఉండేదంటే ఎవరూ నమ్మరు.

పదకొండోదాని దగ్గర వెతకాల్సిన పనే లేకపోయింది. పచ్చిక మధ్యలో దిమ్మ వేలెడెత్తు పైకి లేచి, గడ్డి అడ్డంగా వాలి, పది గజాల దూరం నుంచే కనిపిస్తోంది. పెద్దాయన చెప్పినట్టే కొత్త గుంటా జెండా వెనక కుడి మూలన ఉన్నాయి. ఆమె అడుగులు లెక్కపెట్టింది. ముందు నుంచి ఇరవై రెండు, కుడి నుంచి అయిదు.

“ఈ దిమ్మ మేస్త్రి పెట్టింది కాదు,” అంది. “గుంట కోసేదాకా అతనే. దిమ్మ పైకొచ్చాక కొట్టారు. చంపినవాడు దీన్ని పాత గుంటలో కుక్కి పోయాడు.”

“ఎందుకు?”

“బూట్లు విప్పి ఇలా వచ్చి కూర్చో. ఇద్దరం కలిసి చూద్దాం.”

ఇన్‌స్పెక్టర్ అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. షెడ్డులోంచి తెచ్చిన రెండో గొట్టం దింపి ఇద్దరూ కలిసి లాగారు. దిమ్మ జానెడు పొడుగున పైకి వచ్చింది. పైన పచ్చిక, కింద నల్లమట్టి, దాని కింద ఇసుక, అడుగున గులకరాళ్లు, ఆ రాళ్లకి చుట్టుకుని చిరిగిన ఆకుపచ్చ వల ముక్క.

“కొండని తవ్వి ఎలకని పట్టారు,” అన్నాడు మరిది చేతులు దులుపుకుంటూ.

“ఎలక కాదు, ప్లాస్టిక్. నూట ఇరవై ఏళ్ల మట్టిలోకి ప్లాస్టిక్ వల ఎలా వచ్చింది?”

అతను ఆ ముక్కని చాలాసేపు చూశాడు. అర్థమవుతున్న కొద్దీ అతని ముఖం వికసించడం చూసి జల్లెడమ్మ గుండెలో రాయి పడింది. ఈ గ్రీన్ మొదటి నుంచీ ఉన్నది కాదు, ఎప్పుడో మధ్యలో కట్టింది. సరే. మరి వచ్చినవాళ్లందరికీ మొదటి రోజు మట్టి అని ఇన్నేళ్లూ కథ చెప్పిందెవరు? పెద్దాయన. మేస్త్రి నిజం తవ్వితే నలుగురిలో తలెత్తుకోలేనిదెవరు? పెద్దాయన. మొన్న మేస్త్రి అరిచింది కూడా, ఇంతమందికి ఇన్నేళ్లు అబద్ధం చెప్పావా అనే; ఏ అబద్ధమో అప్పుడు విన్నవాళ్లకి అర్థం కాలేదు.

“ఒక మనిషి ఎందుకు చంపుతాడని కోర్టులో అడిగితే ఏం చెప్పాలా అని రాత్రంతా నిద్రలేదు నాకు. చాలా థాంక్స్, వదినా,” అన్నాడతను. వెటకారమే గానీ అందులో న్యాయం ఉంది.

పదకొండూ పదయింది. జల్లెడమ్మ గట్టు మీద కూలబడింది. ముసలాయన్ని బయటికి లాగబోయి తనే ఇంకాస్త లోతుకి తోసింది. ఆయన కూతురి ముఖం ఎలా చూడాలన్న సిగ్గు ఆమెని నిలువునా కాల్చింది. మరిది అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

సిగ్గుని అవతల పెట్టి మళ్లీ మొదటి నుంచి జల్లించుకుంది. మేస్త్రి మొన్న సాయంత్రం కాగితం చూశాడు. అయినా నిన్న పొద్దున దాన్ని పక్కనపెట్టి, వల బయటపడేది అక్కడేనని, ఎవరూ పెట్టని మూలన కోశాడు. జెండా జరిగిన సంగతి ఆ ఉదయం చూసినవాళ్లు ముగ్గురే: చచ్చినవాడు, పెద్దాయన, చంపినవాడు. పెద్దాయన వేరు, చంపినవాడు వేరు అని చూపించాలంటే జెండా జరిగిందని తెలిసిన మూడో మనిషి దొరకాలి. ఆరూ యాభైకి ముందే తెలిసిన మనిషి.

ఆమె లేచి పరుగులాంటి నడకతో మొదటి హోల్ దగ్గర ఆటగాళ్ల కౌంటర్‌కి వెళ్లింది. ఏ హోల్‌లో గుంట ఎక్కడుందో తెలిసేలా ఆటగాళ్లకి ప్రతి ఉదయం ఒక అచ్చు కాగితం ఇస్తారు. నిన్న ఆట నడవలేదు గానీ కాగితాలు ఏడింటికే పంచడం మొదలుపెట్టారు. కౌంటర్ కింద మిగిలిన కట్టలోంచి ఒకటి తీసి చదివింది. కింద చిన్న అక్షరాల్లో అచ్చయిన వేళ కూడా ఉంది. రెండోసారి చదివాక కాగితం మరిదికివ్వకుండా మడిచి పట్టుకుని, సెక్రటరీ గది ఎక్కడని అడిగింది.

సెక్రటరీకి అరవై దాటాయి. బల్ల మీద పెన్సిళ్లన్నీ ఒకే పొడుగున చెక్కి వరసగా పేర్చి ఉన్నాయి. వెనక అలమరాలో అతను రాసిన మైదానం చరిత్ర, ఒకే పుస్తకం ముప్ఫై ప్రతులు. దేశదేశాలవాళ్లు దాన్ని చదివే ఇక్కడికి వస్తారు. పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు, లాకప్‌లో ఉన్నవాడి గురించి నాలుగు జాలి మాటలు మెత్తగా చెప్పాడు. నిన్న ఆరింటి నుంచి ఏడూ పదిదాకా ఈ కుర్చీలోంచి కదల్లేదనీ, ఆ మాట పోలీసులకి రాసిచ్చాననీ అన్నాడు.

“చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదు. కాగితం గురించి అడగడానికొచ్చాను,” అంది జల్లెడమ్మ. “ఆటగాళ్లకిచ్చేది ఎవరు తయారుచేస్తారు?”

“నేనే. ముప్ఫై ఏళ్ల నుంచి నేనే.”

“అచ్చు కొట్టేది?”

“ఇదిగో, ఈ మెషీన్ మీద. నా గుమాస్తా ఏడున్నరకి గానీ రాడు.”

“ఈ ముప్ఫై ఏళ్లలో ఎప్పుడైనా ఒక అంకె తప్పు పడిందా?”

అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంతసేపట్లో మొదటిసారి అతని గొంతులో నిజమైన వేడి వినిపించింది. “ఒక్కటి కూడా లేదు. భూమికి అటు చివర నుంచి వస్తారమ్మా మనుషులు. కాగితం మీద ఆరడుగులని ఉంటే ఆరడుగులే ఉండాలి. అక్కడ ఏడు ఉంటే వాళ్లని మోసం చేసినట్టే.”

జల్లెడమ్మ షెడ్డు కాగితం బల్ల మీద పరిచింది. పక్కన కౌంటర్ కాగితం పెట్టింది.

“మొన్న సాయంత్రం మీరు రాసింది ఇది. పదకొండు, ముందు నుంచి ఆరు, ఎడమ నుంచి నాలుగు. నిన్న మీరు అచ్చు కొట్టింది ఇది. పదకొండు, ముందు నుంచి ఇరవై రెండు, కుడి నుంచి అయిదు. మిగతా పదిహేడూ మీరు రాసినట్టే ఉన్నాయి. ఇదొక్కటే మారింది. అక్కడికి వెళ్లి నేను అడుగులు లెక్కపెట్టాను. సరిగ్గా సరిపోయాయి.”

సెక్రటరీ చదవలేదు. చూడవలసిన అవసరం లేనట్టు కిటికీకేసి తిరిగాడు. మేస్త్రి ఫోన్ చేసి చెప్పాడన్నాడు.

“అతని ఫోన్ షెడ్డులో ఉంది. మొన్న రాత్రి ఎనిమిది తర్వాత దాన్లోంచి ఒక్క కాల్ పోలేదు. కావాలంటే మా మరిది ఫైలు చూపిస్తాడు. కింద వేళ చదవండి. ఆరూ నలభై రెండు. శవం దొరికింది ఆరూ యాభైకి.”

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి రెండు కాగితాలనీ పక్కపక్కనే పెట్టి వేలితో గీస్తూ చదివాడు. ఒకసారి వదిన ముఖంలోకి చూశాడు. ఇందాకటి నవ్వు లేదు.

ఇంత తెలివైన మనిషి అలాంటి పని ఎలా చేశాడంటే, తెలివికి అలవాటు ఎప్పుడూ అడ్డుపడుతూనే ఉంటుంది. మనిషిని చంపి, దిమ్మ పూడ్చి, పక్కదారిన తన గదికొచ్చి, చేతులు కడుక్కుని కూర్చున్నాడు. కాగితం అచ్చు కొట్టబోతే అంకె తప్పని గుర్తొచ్చింది. ఆ రోజు ఆడబోయే పాతికమంది జెండా ఒకచోట అనుకుంటే ఇంకోచోట ఉంటుంది. నూట ఇరవై ఏళ్ల గురించి పుస్తకమంత అబద్ధం రాయగలిగిన చెయ్యి ఆ ఒక్క అబద్ధం మాత్రం రాయలేకపోయింది.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్. వింటూ వింటూ అతను గోడకి ఆనుకున్నాడు.

“వదినా,” అన్నాడు. “పెద్దాయన నేరం ఒప్పుకున్నాడు. మనం ఇటు రాగానే తనే కాగితం అడిగి రాసిచ్చాడట. ఎవరూ చెయ్యి వేయలేదంటున్నారు. బండి పదకొండున్నరకే బయలుదేరింది.”

“ఏం రాశాడు?”

అతను అవతలి మనిషిని చదవమని, విని, ఒక్కో ముక్కా పైకి చెప్పాడు. “బావిలో మట్టి మొదటి రోజు నుంచీ అదే. దాని గురించి ఎవరేం చెప్పినా నమ్మవద్దు. దాన్ని తవ్వవద్దు. మేస్త్రిని నేనే చంపాను.”

జల్లెడమ్మకి, ధైర్యం ఇస్తుందనుకున్న మాట ఏం చేసిందో తెలిసింది. తవ్వుతానని ఆమె అన్నది. తవ్వకుండా ఉండాలంటే కేసు ముగిసిపోవాలి. ఇన్నేళ్లు మోసినదాన్ని ఆఖరిదాకా దించకుండా మోయాలనుకున్నాడు ఆ మనిషి.

“ఆపకండి,” అన్నాడు సెక్రటరీ. అంత మెత్తగా అన్నాడు కాబట్టి వాళ్లిద్దరికీ అర్థం కావడానికి క్షణం పట్టింది. “పాత గ్రీన్ ఎప్పుడో వరదలో కొట్టుకుపోతే మళ్లీ కట్టిందే ఇదని వాడికీ నాకూ మాత్రమే తెలుసు. మేస్త్రికి చెప్పి చూశాను, బతిమాలాను, వినలేదు. వాడి వయసు డెబ్భై నాలుగు, ఇంకెన్నేళ్లుంటాడు? మైదానానికి ఇంకో నూరేళ్లుంది. ఆ లెక్క వాడికి తెలుసు, మీకే తెలియడంలేదు.”

ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకున్నాడు. లేవమని సెక్రటరీతో చెప్పి, ఇంకో చేత్తో బండి డ్రైవర్‌కి ఫోన్ కలిపి, వెనక్కి తిప్పమన్నాడు. ఇంకా ఎక్కడి బండి సార్, జడ్జిగారు ఇవాళ ముందే కూర్చున్నారు, పెద్దాయన్ని పైకి తీసుకెళ్లాం అన్నాడు డ్రైవర్. పదకొండూ నలభై ఏడయింది. జడ్జి ముందు కూడా ఆ నాలుగు ముక్కలూ నోటితో చెప్పాడంటే తర్వాత ఏ కాగితం చూపించినా వాటిని చెరపడం మహా కష్టమని ఆ గదిలో వదినకీ తెలుసు, మరిదికీ తెలుసు.

జల్లెడమ్మ అప్పటికే తన ఫోన్‌లో పెద్దాయన కూతురికి కలిపింది. ఆ అమ్మాయి పొద్దున్నుంచీ కోర్టు వరండాలోనే ఉంది.

“అమ్మా, మీ నాన్న దగ్గరికి పరుగెత్తు. మట్టి సంగతి అందరికీ తెలిసిపోయిందని చెప్పు. ఇంక దాచాల్సిందేమీ లేదని చెప్పు. ఆ ఒక్క మాటా చెవిలో వెయ్యి చాలు.”

అవతల ఎవరివో బూట్ల చప్పుడు, ఏదో పేరు పిలవడం మాత్రం వినిపించాయి.

“నన్ను లోపలికి రానివ్వడంలేదండీ,” అంది కూతురు. “ఆయన్ని నిలబెట్టారు. తలుపు అద్దంలోంచి కనిపిస్తున్నాడు. మాట్లాడుతున్నాడు.”